నేల బాకీ తీర్చే రైతుకూ వడ్డీ రాయితీ

కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల రూపాయల వరకు పంట రుణం తీసుకున్న రైతు గడువులోగా చెల్లిస్తే 7 శాతం వడ్డీ 4 శాతానికి తగ్గుతుంది. ఆ 3 శాతం భారం కేంద్రానిది. బాధ్యతగా నడుచుకున్నవారికి ఖజానా నుంచి ప్రతిఫలం ఇవ్వవచ్చని మన రుణ విధానం ఏనాడో ఒప్పుకుందన్నమాట. బ్యాంకు బాకీ తీర్చినవారికి వర్తించే ఈ న్యాయం నేల బాకీ తీర్చినవారికీ వర్తించాలి. ఒక పంట కోతకూ మరో పంట విత్తుకూ మధ్య పొలాన్ని బోడిగా వదలకుండా జీలుగ, జనుము, పిల్లిపెసర, అలసంద వంటి పైర్లతో కప్పి ఉంచే రైతుకు అదనంగా మరో 1 శాతం వడ్డీ తగ్గించాలి.

రబీ కోతలయ్యాక తెలుగు నేలల్లో చాలాభాగం వేసవంతా ఎండకు మాడుతుంది. తొలకరి జల్లు ఉధృతంగా పడితే ముందుగా కొట్టుకుపోయేది సారవంతమైన పైమట్టే. నేల మీద పచ్చదనం ఉంటే వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి, వాన నీరు ఇంకుతుంది. పప్పుజాతి పైర్ల వేరుబుడిపెలు గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తాయి. పూత దశలో కలియదున్నితే ఆ పైరే ఎరువవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో ప్రకృతి సేద్యం చేస్తున్న రైతులు తొలకరికి ముందే నవధాన్యాలు చల్లుతున్నది ఇందుకే. ఆ కార్యక్రమం 2024లో గుల్బెంకియన్ పురస్కారాన్ని పంచుకుంది. గుర్తింపు ప్రపంచం నుంచి వచ్చింది కానీ మన బ్యాంకు లెక్కల్లోకి మాత్రం ఇంకా చేరలేదు. ఎకరాకు ఎంత అప్పివ్వాలో నిర్ణయించే స్కేల్ ఆఫ్ ఫైనాన్స్ సాధారణంగా అమ్ముడయ్యే పంట ఖర్చునే చూస్తుంది. అమ్మకానికి రాని పైరు మీద పెట్టిన విత్తనం, దుక్కి ఖర్చులు రైతు జేబులోంచే పోవాలి. మరోపక్క 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలకే దొరుకుతుంది. 2022-23లో ఎరువుల సబ్సిడీ రెండున్నర లక్షల కోట్ల రూపాయలు దాటింది. విధానమే రైతును బస్తా వైపు నెడుతున్నప్పుడు పచ్చిరొట్ట వేయలేదని అతణ్ని తప్పుపట్టడం అన్యాయం.

ఇలాంటి ప్రోత్సాహం కొత్తేమీ కాదు. అమెరికాలోని అయోవా రాష్ట్రం శీతాకాలంలో నేలను పైరుతో కప్పిన రైతులకు 2017 నుంచి పంట బీమా ప్రీమియంలో ఎకరాకు 5 డాలర్లు తగ్గిస్తోంది. మన ఫసల్ బీమాలో ఆహార ధాన్యాలకు రైతు వాటా ఖరీఫ్‌లో 2 శాతం, రబీలో 1.5 శాతమే కాబట్టి ఆ దారిలో ఇవ్వగలిగేది తక్కువ. మనకు వడ్డీ రాయితీయే సరైన మార్గం.

సంక్షేమ భారాన్ని బ్యాంకుల నెత్తిన రుద్దితే ఆర్థిక క్రమశిక్షణ దెబ్బతింటుందన్న వాదన ఉంది. ఇక్కడ ఆ భయం అక్కర్లేదు, ఎందుకంటే తగ్గించిన వడ్డీని చెల్లించేది ప్రభుత్వం. డబ్బుకు దారీ ఉంది. 2023లో ఆమోదం పొందిన పీఎం ప్రణామ్ పథకం కింద, గత మూడేళ్ల సగటు కంటే రసాయన ఎరువుల వాడకం తగ్గించిన రాష్ట్రానికి మిగిలిన సబ్సిడీలో సగం గ్రాంటుగా అందుతుంది. యూరియా మీద మిగిలిన రూపాయిని మట్టికే మళ్లించడం ఆర్థికంగా తెలివైన పని. దొంగ లెక్కలు పుట్టుకొస్తాయన్న అనుమానానికీ సమాధానముంది. సర్వే నంబర్ల వారీగా సాగును నమోదు చేసే ఈ-పంటను వేసవి నెలలకూ విస్తరించి ఉపగ్రహ చిత్రాలతో సరిచూస్తే సరిపోతుంది. అయితే నీటి మాటను తేలికగా తీసుకోకూడదు. అనంతపురం చల్కకూ కోనసీమ మాగాణికీ ఒకే పైరు, ఒకే గడువు పనికిరావు. ఏది, ఎప్పుడు వేయాలో జిల్లా సాంకేతిక కమిటీలే తేల్చాలి; తేమ లేనిచోట కోసిన పంట మోళ్లను, చెత్తను నేల మీదే ఉంచినా రాయితీ ఇవ్వాలి.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం కౌలు గురించి. వచ్చే ఏడాది ఆ చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియని కౌలుదారు మట్టి మీద ఎందుకు ఖర్చు పెడతాడు? రాయితీ పట్టాదారు ఖాతాలో పడితే కష్టం ఒకరిది, ఫలం మరొకరిది అవుతుంది. అందుకే అది సాగు చేసినవారికే చేరాలి. 2019 చట్టం ప్రకారం ఆంధ్రప్రదేశ్ ఇస్తున్న సాగుదారు హక్కు కార్డు 11 నెలలకే పరిమితం కాకుండా కనీసం మూడేళ్లు చెల్లాలి, యజమాని సంతకం కోసం కౌలుదారు బతిమాలే పరిస్థితి పోవాలి. కేంద్రం వడ్డీ రాయితీ నిబంధనలను సవరించాలి, రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల కమిటీలు పచ్చిరొట్ట ఖర్చును వచ్చే రుణ ప్రణాళికలోనే చేర్చాలి. ఏ పంట రుణానికైనా అసలు పూచీ పట్టా కాగితం కాదు, పండే మట్టి. ఆ పూచీని కాపాడుతున్నవారిని గుర్తించడం బ్యాంకు చేసే దానం కాదు, దాని బాధ్యత.