12,912 బడులు, ఒక్కో టీచరు

ఆంధ్రప్రదేశ్‌లో ప్రాథమిక బడుల మీద చర్చ ఎటు మొదలైనా చివరికి ఒకే మాట దగ్గర తేలుతుంది: తరగతికో టీచరు. బడుల విలీనానికి దారితీసిన 117 జీవోను తిట్టిపోసినవాళ్లు ఆ మాటే అన్నారు. దాన్ని పక్కనపెట్టి 2025లో ఆదర్శ ప్రాథమిక పాఠశాలలు తెచ్చినవాళ్లూ అదే అన్నారు. వినడానికి ముచ్చటగానే ఉంది. ఈ చర్చలో వినిపించని అంకె మాత్రం ఒకటుంది. 12,912.

కేంద్ర విద్యాశాఖ 2024-25 యూడైస్ ప్లస్ లెక్కల్లో రాష్ట్రంలో ఒకే టీచరున్న బడులు ఇన్ని. దేశంలో మొదటి స్థానం మనదే. జనాభాలో మనకన్నా ఎన్నో రెట్లు పెద్దదైన ఉత్తరప్రదేశ్ కూడా ఈ పోటీలో మన వెనకే ఉంది. 12,912 బడుల్లో చదివే పిల్లలు 1,97,113 మంది, అంటే బడికి సగటున 15 మంది. ఐదు తరగతులకు పంచితే తరగతికి ముగ్గురు. ముగ్గురికో టీచరును ఏ ప్రభుత్వమూ ఇవ్వదు, ఇవ్వమని అడగడమూ సబబు కాదు. కనుక వీటిలో ఆరేళ్ల పాప పదేళ్ల పిల్లాడి పక్కనే చదువు మొదలుపెడుతుంది. నేడూ అంతే, పదేళ్ల తర్వాతా అంతే. తరగతికో టీచరు అనే నినాదం ఆ పాప బడి గడప తొక్కదు.

అసలు చట్టమే కలగలుపు తరగతిని ఒప్పుకుంది. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లుంటే చాలు. ఐదు తరగతులకు ఇద్దరు! చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటించిన బడిలోనూ తరగతులు కలవక తప్పదు. మన 12,912 బడులకు ఆ రెండో మనిషి కూడా లేడు.

ఇలాంటి బడిలో ఎక్కువ నష్టపోయేది కొత్తగా చేరిన పిల్లలే. ఐదో తరగతివాణ్ణి ఎక్కాలు రాయమంటే కాసేపు రాసుకుంటాడు. అక్షరం రాని పిల్లకు అలా పని అప్పజెప్పి పక్కకు తిరగడం కుదరదు. ఆమె పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి. టీచరు కూర్చునేలోపే హాజరు యాప్ పిలుస్తుంది, భోజనం లెక్క పిలుస్తుంది, మూడో తరగతి గోల చేస్తుంది.

దీనికి మందు ఎక్కడో లేదు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం 1980ల నుంచీ చుట్టుపక్కల పల్లెల ఏకోపాధ్యాయ బడుల్లో చేసి చూపించింది. అక్కడ పాఠం పుస్తకంలో ఉండదు, బొమ్మ గుర్తులున్న చిన్న చిన్న కార్డుల్లో ఉంటుంది. గోడమీది నిచ్చెన పటంలో తానెక్కడుందో పాపే చూసుకుని తన కార్డు తీసుకుంటుంది. కొన్ని కార్డులకు టీచరు సాయం కావాలి, కొన్నింటికి తోటిపిల్లల సాయం చాలు, కొన్ని సొంతంగా చేసుకోవచ్చు. టీచరు ఎక్కువసేపు కూర్చునేది కొత్తవాళ్ల దగ్గరే. వయసుల కలగలుపును ఒక ఇబ్బందిగా కాక వసతిగా వాడుకున్న పద్ధతి ఇది.

కర్ణాటక టీచర్లు వచ్చి చూసి వెళ్లారు. 1995లో మైసూరు జిల్లా హెచ్.డి.కోటెలో అదే పద్ధతి 'నలి కలి' పేరుతో మొదలై ఆ తర్వాత రాష్ట్రమంతా పాకింది. చెన్నై కార్పొరేషన్ బడులు 2003లో అందుకున్నాయి, తర్వాత తమిళనాడు అంతటా వెళ్లింది. పుట్టిన గడ్డ మీద మాత్రం అది రాష్ట్ర విధానంగా నిలబడలేదు. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

కార్డుల పద్ధతికి లోపాల్లేవని కాదు. శిక్షణ లేని చేతుల్లో అది కార్డులు పంచే తంతుగా మిగులుతుంది. కార్డులు చిరిగితే కొత్తవి రావాలి. నిజమే. అయితే చిరిగిన కార్డుకు బదులు కొత్తది అచ్చేయించడం ఒక రాష్ట్ర ప్రభుత్వానికి మోయలేని బరువా?

ఇక చిన్న బడులను పక్క ఊరి బడుల్లో విలీనం చేయడమే దారి అనేవాళ్లు మ్యాపు మీద గీతలు గీస్తున్నారు. పాడేరు కొండల్లో ఆరేళ్ల పిల్ల వాగు దాటి పక్క ఊరికి నడవాలని ఆ గీత చెప్పదు. పిల్లలు తగ్గారని టీచరును తీయడం, టీచరు లేడని తల్లిదండ్రులు పిల్లల్ని ప్రైవేటు వ్యానెక్కించడం, మళ్లీ పిల్లలు తగ్గారనడం! దీన్ని హేతుబద్ధీకరణ అని పిలవడానికి చాలా ధైర్యం కావాలి.

పాఠశాల విద్యాశాఖ ఆ 12,912 బడుల జాబితాను మండలాలవారీగా బయటపెట్టాలి. చట్టం చెప్పిన రెండో టీచరు ఏ బడికి ఎప్పుడొస్తాడో, కలగలుపు తరగతికి కావలసిన సామగ్రి, శిక్షణ ఎప్పుడు చేరతాయో పక్కనే తేదీ వేయాలి. తేదీ వేయలేకపోతే 'తరగతికో టీచరు' పోస్టర్లను కనీసం ఆ బడుల గోడల మీదైనా అంటించకుండా ఉండాలి.