ఫ్లైఓవర్లకు బాండ్లు తెచ్చిండ్రు, మన కిరాయి ఇండ్లకు ఎందుకు తేరు?



2018 ఫిబ్రవరిలో జీహెచ్‌ఎంసీ బాండ్లు అమ్మి 200 కోట్లు తెచ్చింది. వడ్డీ 8.9 శాతం. ఆ పైసలు రోడ్లకు, ఫ్లైఓవర్లకు అన్నరు. బాండ్ అంటే సర్కారు కాగితం రాసిచ్చి మార్కెట్‌లో తీసుకునే అప్పు, అంతే.

అదే తీరుగ ఇండ్లు ఎందుకు కట్టరాదు? తండాల నుంచి, గూడేల నుంచి వచ్చి ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల పనిచేసే మనోళ్లు పహాడీ షరీఫ్‌లో ఒక్క రూముల నలుగురు సర్దుకుంటున్నరు. ఇందిరమ్మ ఇల్లు కింద 5 లక్షలు ఇస్తున్నరు, కానీ ముందు సొంత జాగా చూపియ్యాలె. ఈడ మనకు జాగా ఏది?

అయితే బాండ్ పైసలు ఊరికే రావు. 5 లక్షలకు 8.9 శాతం అంటే ఏడాదికి 44,500 వడ్డీ, నెలకు 3,700 పైనే. అసలు వేరే. అదంతా కిరాయిలోనే గుంజితే మనకు ఒరిగేదేం లేదు.

అందుకే మూడు అడగాలె. జాగా సర్కారుది కావాలె. వడ్డీల సగం సర్కారే భరించాలె. ఆ ఇండ్లు ఎవరికీ అమ్మకుండ కిరాయికే ఇయ్యాలె.

ఈసారి వినతిపత్రంలో ఈ లెక్క కూడా రాద్దాం. "పైసలు ఏడున్నయి" అని అడిగితే మన దగ్గర జవాబు ఉండాలె.