గూటిలో నిద్ర – మావారికి పనికొస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి టోక్యోలో చదువుతున్నాడు. హాస్టల్లో బయటివాళ్లను ఉండనివ్వరట. మావారు (61) వాణ్ణి చూడటానికి ఒక్కరే వెళుతూ, ఖర్చు తగ్గుతుందని నాలుగు రాత్రులు ‘కాప్సూల్ హోటల్’లో పడుకుంటానంటున్నారు. గదికి బదులు పెట్టెలాంటి గూడు ఇస్తారట. ఆయనకు బి.పి., షుగరు ఉన్నాయి. ఇన్సులిన్ తీసుకుంటారు. గురక ఎక్కువ. రాత్రి రెండుసార్లు మూత్రానికి లేస్తారు. ఊపిరాడదేమోనని నా భయం. పంపవచ్చునా?
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: ఊపిరి గురించి బెంగ వద్దు. 1979లో ఒసాకాలో మొదలైన ఈ హోటళ్లలో గూడు సుమారు రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉంటుంది. రైలు బెర్తుకు చుట్టూ గోడ కట్టినట్లన్నమాట. తలుపు ఉండదు, తెర మాత్రమే. కనుక గాలికి లోటు లేదు. కూర్చోవచ్చు, నిలబడలేరు. స్నానాల గది, మరుగుదొడ్డి అందరికీ ఉమ్మడి.

నేను ఆలోచించేది షుగరు పడిపోవటం గురించి. ఊళ్లు చూస్తూ ఇంట్లోకన్నా ఎక్కువ నడుస్తారు. కొత్త తిండి సయించక తక్కువ తింటారు. ఇన్సులిన్ మాత్రం అంతే వేసుకుంటారు. అర్ధరాత్రి చెమటలు పడితే ఇంట్లో మీరు గమనిస్తారు. తెర వెనక ఎవరు చూస్తారు?

అందుచేత పడుకోబోయే ముందు తప్పక షుగరు చూసుకోవాలి. 100 లోపుంటే ఏదైనా తిని పడుకోవాలి. 70 లోపుంటే వెంటనే మూడు చెంచాల గ్లూకోజు నీళ్లలో కలుపుకొని తాగి, పావుగంటకు మళ్లీ చూసుకోవాలి. చాలాచోట్ల గూటిలో తిననివ్వరు. తన జబ్బు సంగతి హోటలువారికి ముందే చెప్పి, గ్లూకోజు పొట్లం, నీళ్ల సీసా దిండు పక్కనే ఉంచుకోవాలి.

గూళ్లు రెండు వరుసలుగా ఉంటాయి. పై గూటికి నిచ్చెన ఎక్కాలి. కింది గూడే అడిగి తీసుకోమనండి. రాత్రి లేచేటప్పుడు ఒక నిమిషం కూర్చుని, ఆ తర్వాతే నిలబడాలి. బి.పి. మాత్రలు వాడేవారికి గబుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి.

అక్కడి స్నానపు తొట్లలో నీరు 40 డిగ్రీలు దాటి ఉంటుంది. షుగరువారి పాదాలకు వేడి తెలియకపోవచ్చు. చేత్తో చూసి దిగాలి. అయిదు నిమిషాలు చాలు. మద్యం తాగి దిగటం ప్రాణాంతకం.

ఇక గురక. నిద్రలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడినట్లు మళ్లీ అందుకుంటున్నారా? పగలు కూర్చున్నచోటే కునుకుతున్నారా? అయితే అది మామూలు గురక కాదు. ప్రయాణానికి ముందే పరీక్ష చేయించండి.

ఇన్సులిన్ చేతిసంచీలోనే ఉండాలి. నెలకు సరిపడా మందులు, డాక్టరు చీటీ చాలు. జలుబు మాత్రలు డాక్టరును అడగకుండా పెట్టకండి. కొన్నింటికి జపానులో నిషేధం ఉంది. కాలం మూడున్నర గంటలు ముందు కనుక, ఇన్సులిన్ వేళలు కూడా అడిగి రాసుకోండి.

ఈమధ్య ఎప్పుడైనా తనకు తెలియకుండానే షుగరు పడిపోయి స్పృహ తప్పారా? అలా జరిగి ఉంటే గూడు వద్దేవద్దు. అబ్బాయితో కలిసి మామూలు హోటల్లో గది తీసుకోవాలి. అటువంటిదేమీ లేకపోతే నిక్షేపంగా వెళ్లిరమ్మనండి. మొదటి రాత్రి మాత్రం అబ్బాయిని పక్క గూట్లో పడుకోమనండి. రోజూ తెల్లవారగానే తండ్రికి ఫోను చేయటం వాడి బాధ్యత. ఆపదలో అంబులెన్సుకు అక్కడ 119 నంబరు తిప్పాలి. ఆ నంబరు ఇద్దరి దగ్గరా రాసిపెట్టండి.