మోకాలి టెండన్‌కు ఒక వాలు చెక్క

పెద్దపల్లి జిల్లా యువజన, క్రీడల అధికారి గారికి,

మంథని పిల్లలు వాలీబాల్‌లో గట్టి నేలపై ఎగిరి దిగిన ప్రతిసారీ ఆ భారం మోకాలి చిప్పను కాలి ఎముకకు కలిపే తాడులాంటి కణజాలంపై, అనగా టెండన్‌పై పడుతుంది. 2005 నాటి నార్వే పరిశీలనలో అగ్రశ్రేణి వాలీబాల్ ఆటగాళ్లలో 45 శాతం మందికి ఈ టెండన్ నొప్పి కనబడింది.

25 డిగ్రీల వాలు చెక్కపై మడమలు ఎత్తున ఉండేలా నిలబడి, నొప్పి ఉన్న కాలిమీదనే మెల్లగా మోకాలు వంచుతూ దిగి, రెండో కాలి ఊతంతో లేవడం దీనికి పేరున్న కసరత్తు; కండరం సాగుతూనే బరువును ఆపుతుంది గనుక దీనిని ఎక్సెంట్రిక్ వ్యాయామమంటారు. అయితే పోటీల కాలంలో ఆట మానకుండా చేసినవారికి మేలు కలగలేదని అదే ఏడాది మరో నార్వే పరిశోధన తేల్చింది. ఈ హెచ్చరికే అన్నిటికన్నా ముఖ్యం.

కావున వడ్రంగి ఒక పూటలో చేయగల ఈ చెక్కలను వేసవి శిబిరాలకే, పోటీలకు ముందే అందించగలరని విన్నపం.