ముందు ద్వారబంధం

మనవాళ్ళు ఇల్లు కట్టేటప్పుడు గోడలు లేవకముందే ముహూర్తం చూసి, పసుపు రాసి, బొట్లు పెట్టి ద్వారబంధం నిలబెడతారు. ఇల్లంతా పూర్తయ్యాక గోడ పగలగొట్టి గుమ్మం పెట్టే మేస్త్రీని నేనింతవరకు చూడలేదు. మరి ప్రభుత్వంవారి వెబ్‌సైట్ల దగ్గర ఈ వరస ఎందుకు తప్పుతుందో!

మా వన్ టౌన్‌లో నాకు తెలిసిన ఒక పెద్దమనిషికి చూపు లేదు. ఉద్యోగం చేసి రిటైరయినవారు. తెరమీది అక్షరాన్ని పైకి చదివే ఎన్‌వీడీఏ అనే సాధనం ఆయన కంప్యూటర్లో ఉంది. ఉచితంగానే దొరుకుతుంది, తెలుగూ చదువుతుంది. వార్తలు తనే వింటారు, ఉత్తరాలు తనే రాసుకుంటారు. కాని మొన్న ఏదో దరఖాస్తు పెట్టుకోబోతే, ఆ పేజీ వంకరటింకర అక్షరాల బొమ్మ ఒకటి పెట్టి, అందులో ఏముందో రాయమన్నదట! వినిపించే ఏర్పాటు లేదు. నింపవలసిన గళ్ళకు పేర్లు లేవు. జతచేసిన ఉత్తర్వేమో కాగితానికి తీసిన ఫొటో. చివరికి నెట్ సెంటరుకు వెళ్ళి, ఆధార్ నంబరూ, ఫోనుకొచ్చిన ఓటీపీ ముక్కూ మొహం తెలియని కుర్రాడికి చెప్పవలసి వచ్చింది.

"చూపు లేకపోవడం నాకు అలవాటేనండీ. గుట్టు లేకపోవడమే అలవాటు కాలేదు" అన్నారాయన.

తెలుగుకు ఇంకో తంటా ఉంది. పాత అను ఫాంట్లతో కొట్టిన కాగితం కంటికి తెలుగే గాని, యంత్రానికి అర్థంలేని గుర్తుల గుంపు. యూనికోడ్‌లో కొడితే తప్ప అది నోరు విప్పదు.

నియమాలు లేక కాదు. ప్రభుత్వ వెబ్‌సైట్లకు మార్గదర్శకాలు 2009లోనే వచ్చాయి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. ఇటువంటి సదుపాయాలకు ఉత్త సలహాలు చాలవు, తప్పనిసరి ప్రమాణాలు కావాలని రాజీవ్ రతూరి కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు తేల్చింది. డిజిటల్ సేవలు అందడం జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న మరో తీర్పులో చెప్పింది.

లోపమల్లా వరసలో ఉంది. పని ముగిసి, బిల్లు చెల్లించాక ఎవరో మొరపెట్టుకుంటే అప్పుడు "ఇదీ చేర్చండి" అంటారు. అప్పటికి అల్లినదంతా విప్పాలి, దానికి మళ్ళీ ఖర్చు. బొమ్మకు రెండు మాటల వివరం, గడికి పేరు, మౌస్ లేకుండా మీటలతోనే నడిచే దారి — మొదట్లోనే అయితే ఇవెంత పని? చూపులేనివారు, చేతులు స్వాధీనంలో లేనివారు వాడిచూసి సరేనన్నాకే ఆఖరి బిల్లు అని టెండరు కాగితంలో ఒక్క వాక్యం రాస్తే చాలు.

ఆ వాక్యం ఎందుకని అడిగే అధికారులెవరైనా ఉంటే వారికి నాదొక మనవి. తెర ఆర్పేసి, మౌస్ పక్కన పెట్టి, తమ కార్యాలయం పేజీలో తమ దరఖాస్తు తామే ఒక్కసారి నింపి చూడండి.