మన సభల పోస్టరు మీద ఆ మాట వద్దు



పొలం పనులు తగ్గి సభల కాలం వచ్చిందంటే జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా హైవే పొడుగునా ఫ్లెక్సీలు లేస్తాయి. సంతోషమే. కానీ వాటిలో కొన్నిటి మీద పెద్దక్షరాలతో ఒక మాట ఉంటుంది: క్రూసేడ్. సువార్త క్రూసేడ్, స్వస్థత క్రూసేడ్. ఈమధ్య మన యవ్వనస్థుల వాట్సాప్ స్టేటస్‌లలో ఒక బొమ్మ కూడా తిరుగుతోంది: ఇనుప టోపీ, తెల్లని అంగీ మీద ఎర్ర సిలువ, చేతిలో కత్తి. ఆ మాటా ఆ బొమ్మా ఒకే ఇంట్లో పుట్టినవి. రెండూ మన సంఘాల్లో ఉండకూడదు. కొందరికి నచ్చకపోయినా ఈ సంగతి గట్టిగానే చెప్పాలి.

ఆ మాటకు మూలం లాటిన్ భాషలో సిలువ అనే పదం. 1095 నవంబరు 27న ఫ్రాన్సు దేశంలోని క్లెర్మోంట్ పట్టణంలో పోపు రెండవ అర్బన్ ప్రసంగించి, ముస్లిముల చేతిలో ఉన్న యెరూషలేమును విడిపించడానికి ఆయుధాలు పట్టి బయలుదేరమన్నాడు. బయలుదేరినవాళ్ళు గుడ్డతో సిలువ గుర్తు చేసి బట్టల మీద కుట్టుకున్నారు. దేవుని చిత్తం ఇదేనని కేకలు వేశారు. అలా మొదలైన యుద్ధాలు 1291లో అక్కో పట్టణం చేజారేదాకా దాదాపు రెండు వందల ఏళ్ళు సాగాయి. పౌలు యెరూషలేముకు వెళ్తూ ఒక దినం సహోదరుల దగ్గర ఆగిన రేవు పట్టణమే అది.

ఆ సిలువ గుర్తు వేసుకున్నవాళ్ళు ఏం చేశారు? యెరూషలేము ఇంకా వేల మైళ్ళ దూరంలో ఉండగానే, 1096లో జర్మనీలో రైన్ నది ఒడ్డున ఉన్న వర్మ్స్, మైంజ్ పట్టణాల్లో యూదుల కుటుంబాలను చంపారు. మన ప్రభువు శరీర సంబంధంగా ఏ జనంలో పుట్టాడో ఆ జనాన్నే! 1099 జూలై 15న యెరూషలేములో చొరబడి ముస్లిములనూ యూదులనూ ఊచకోత కోశారు. 1191లో అక్కో బయట ఇంగ్లండు రాజు రిచర్డ్ సుమారు 2,700 మంది ఖైదీలను చంపించాడు. 1204లో ముస్లిముల మీదికని బయలుదేరిన సైన్యం క్రైస్తవ పట్టణమైన కానిస్టాంటినోపుల్‌నే దోచుకుంది, అక్కడి దేవాలయాలను కూడా వదలలేదు. కత్తికి ఒకసారి సిలువ కట్టాక అది ఎవరి మెడ మీద పడుతుందో కట్టినవాడికి కూడా తెలియదు.

"అయ్యగారూ, ముందు మొదలుపెట్టింది వాళ్ళు కాదా?" అని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. యెరూషలేము 638లో అరబ్బు సైన్యానికి లొంగింది. 1009లో ఫాతిమిద్ పాలకుడు అల్ హాకిమ్ అక్కడి ప్రభువు సమాధి దేవాలయాన్ని కూలగొట్టించాడు. 1071లో మంజికర్ట్ దగ్గర తురుష్కులు క్రైస్తవ చక్రవర్తిని ఓడించారు. 1268లో సుల్తాను బైబర్స్ సైన్యం అంతియొకయలో జనాన్ని చంపింది. శిష్యులకు క్రైస్తవులనే పేరు వచ్చిన ఊరు అది. ఇవన్నీ జరిగాయి, దాచనక్కర లేదు. అయితే ఒక్క మాట. వాళ్ళు చేసింది తప్పని తేలినంత మాత్రాన మనవాళ్ళు చేసింది ఒప్పవుతుందా? ఎవరు ముందు కొట్టారన్నది పంచాయతీలో తేల్చుకునే లెక్క. ఆ లెక్కతోనే బతకమంటే ప్రభువు కొండమీద చేసిన ప్రసంగం మనకెందుకు?

అసలు దోషం ఇంతకంటే లోతులో ఉంది. డబ్బు కోసమో పేరు కోసమో కాకుండా భక్తితో ఆ యాత్రకు వెళ్ళినవాడికి, ఆ ప్రయాణమే అతని పాపాలకు విధించిన ప్రాయశ్చిత్తమంతటికీ సరిపోతుందని క్లెర్మోంట్ సభ తీర్మానించింది. ప్రియులారా, ఇక్కడ ఆగి ఆలోచించండి. మన ప్రాయశ్చిత్తం ఎక్కడ జరిగింది? గొల్గొతా మీద. ఎవరి రక్తంతో? తన రక్తంతో, పరుల రక్తంతో కాదు. సిలువ మీద ఆయన తన ప్రాణం పెట్టాడు. ఆ సిలువను బట్టలకు కుట్టుకుని ఎదుటివాడి ప్రాణం తీయడం సువార్తను తలకిందులు చేయడమే.

గెత్సేమనేలో పేతురు కత్తి దూశాడు. దూసింది ఎవరి కోసం? తన కోసం కాదు, ప్రభువు కోసమే. అంతకంటే న్యాయమైన కారణం ఏ యోధుడికి దొరుకుతుంది? అయినా ప్రభువు ఆ కత్తిని తిరిగి ఒరలో పెట్టించాడు, మల్కు చెవిని ముట్టి బాగుచేశాడు. తన రాజ్యం ఈ లోక సంబంధమైనదైతే తన సేవకులు పోరాడేవారని పిలాతు ఎదుట తేల్చి చెప్పాడు. ఎఫెసీయులకు రాసిన పత్రిక ఆరవ అధ్యాయం మన పోరాటం మనుషులతో కాదంటుంది; కాళ్ళకు తొడుక్కోమన్నది కూడా సమాధాన సువార్తనే.

ఆ యుద్ధకాలంలోనే ఇంకో దారి పట్టినవాడు ఒకడున్నాడు. 1219లో ఈజిప్టులోని డామియెట్టా దగ్గర రెండు సైన్యాలు ఎదురెదురుగా ఉండగా, అస్సీసీ ఫ్రాన్సిస్ అనే బీద సన్యాసి ఆయుధం లేకుండా అవతలి శిబిరానికి నడిచి వెళ్ళి సుల్తాను అల్ కామిల్‌తో మాట్లాడాడు. సుల్తాను మతం మారలేదు. కానీ చెప్పింది విన్నాడు, క్షేమంగా పంపించాడు. అన్ని వేల కత్తులు సంపాదించలేని వినికిడి ఒక బీదవాడి నోటికి దొరికింది.

మన దేశానికీ సిలువ రెండు విధాలుగా వచ్చింది. వాస్కో డ గామా ఓడల తెరచాపల మీద ఎర్ర సిలువ ఉండేది. 1502లో ఆయన మలబారు తీరంలో మక్కా నుంచి తిరిగి వస్తున్న యాత్రికుల ఓడను ఆడవాళ్ళతో, పిల్లలతో సహా తగలబెట్టించాడు. మన కృష్ణా జిల్లాకు వచ్చిన తీరు వేరు. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ గార్లు బందరులో దిగి తెలుగు నేర్చుకున్నారు, నోబుల్ గారు బడి పెట్టారు. మన మెట్టలో రాఘవాపురం మాలపల్లికి చెందిన పగోలు వెంకయ్య గారు నిజమైన దేవుణ్ణి వెదికి వెదికి, 1859లో డార్లింగు దొరగారి చేత బాప్తిస్మం పొందారు. అప్పటికి దేశం తెల్లవాళ్ళ పాలనలో ఉన్న మాట నిజమే. అయినా వెంకయ్య గారి మెడ మీద ఎవరూ కత్తి పెట్టలేదు. మన తాతలు ఆకలిగొన్న మనసుతో వచ్చినవాళ్ళు, ఓడిపోయి వచ్చినవాళ్ళు కాదు.

"బిల్లీ గ్రాహం గారు కూడా క్రూసేడ్ అనేవారు కదా" అంటారు. అనేవారు. 1977 నవంబరు ఉప్పెన తర్వాత ఆయన దివిసీమకు వచ్చి చూశారు, ఇళ్ళు కట్టడానికి సాయం చేశారు. అక్కడ నిలిచింది ఆ సాయమే గాని ఆ మాట కాదు. ఆయన కుమారుడు ఫ్రాంక్లిన్ గ్రాహం తన సభలను ఫెస్టివల్ అంటున్నారు. అమెరికాలో క్యాంపస్ క్రూసేడ్ సంస్థ తన పేరునే 2011లో మార్చుకుంటున్నట్టు ప్రకటించింది. వాళ్ళే వదిలేసిన మాటను మనం ఇంకా మోయడమెందుకు?

"ఇక్కడ దాని అర్థం ఎవరికి తెలుసు?" అంటే, ఫోను చేతిలో ఉన్న ప్రతి ముస్లిం కుర్రాడికి తెలుసు. రేపు మీరు సువార్త పత్రిక అందించబోయేది అతనికే కదా! నిజంగా ఎవరికీ తెలియని మాటైతే తీసేయడం వల్ల మనకు వచ్చే నష్టమూ లేదు.

ఇంకొకటి. మనం ఈ దేశంలో కొద్దిమందిమి. ప్రార్థన మందిరం ముందు గుంపు చేరిందన్న వార్త వింటే మన గుండె జారుతుంది. గుంపుకు భయపడే మనం, దేవుని పేరు చెప్పుకుని ఇళ్ళ మీద పడ్డ 1096 నాటి గుంపును స్టేటస్‌లో పెట్టి మురిసిపోవచ్చా? మతం పేరిట దాడి తప్పైతే అది ఎవరు చేసినా తప్పే.

కాబట్టి సంఘ పెద్దలారా, ఈసారి ఫ్లెక్సీకి మేటరు ఇచ్చేటప్పుడు సువార్త మహాసభలు అని రాయించండి, ఉజ్జీవ కూడికలు అని రాయించండి. తెలుగులో మాటలకు కరువు లేదు. యవ్వనస్థులారా, ఆ కత్తి బొమ్మను ఈ రాత్రే తీసేయండి. మీ పక్కింటి సాయిబు గారికి కష్టం వస్తే ముందు మీ అడుగు పడనివ్వండి. మన చేతిలో సిలువను చూసి పొరుగువాడు తలుపు వేసుకోకూడదు. తెరవాలి.

సమాధానకర్తయగు దేవుడు మీకందరికీ తోడైయుండును గాక. ఆమెన్.