కోరల వెనక కన్నతండ్రి

2003లో వచ్చిన ‘అండర్‌వరల్డ్’ పేరెత్తితే నల్లతోలు దుస్తులు, బుడాపెస్ట్ వీధుల్లో నీలిరంగు వాన, కేట్ బెకిన్‌సేల్ రెండు చేతుల్లో పేలే తుపాకులు గుర్తొస్తాయి. దర్శకుడు లెన్ వైజ్‌మన్‌కు అది తొలి సినిమా. సొగసు మీద మోజు ప్రతి ఫ్రేములోనూ తెలుస్తుంది. అయితే రక్తపిశాచాలకూ తోడేలు మనుషులకూ వందల ఏళ్లుగా సాగే ఆ యుద్ధానికి మూలం ఒక పెళ్లి. తోడేలు మనుషులు ఒకప్పుడు పిశాచ ప్రభువుల బానిసలు. పగలు దొరలు పడుకుంటే కాపలా కాసినవాళ్లు. వాళ్లలో ఒకడైన లూసియన్‌ను దొర కూతురు సోన్యా మనువాడి గర్భవతి అయింది. వంశం కల్తీ అవుతుందని తండ్రి విక్టర్ ఆమెను ఎండకు బలిచ్చాడు. అల్లుణ్ణి గొలుసులతో కట్టి, అదంతా కళ్లారా చూడమన్నాడు.

కోనసీమవాళ్లకు ఈ కథ ఎక్కడో విన్నట్టే ఉండాలి. ఐ.పోలవరం మండలం మురమళ్లలో వీరేశ్వరస్వామికి రోజూ కల్యాణం చేస్తారు. సంబంధాలు కుదరనివాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చి చేయించుకుంటారు. ఆ కల్యాణం వెనకున్న స్థలపురాణం మాత్రం దక్షయజ్ఞంతో మొదలవుతుంది. బూడిద పూసుకుని శ్మశానంలో తిరిగే అల్లుడు దక్షుడికి నచ్చలేదు. పిలవని యజ్ఞానికి వెళ్లిన సతి అవమానం భరించలేక ఆహుతైంది. దక్షుడి తల నరికినా వీరభద్రుడి కోపం చల్లారలేదు. భద్రకాళి వచ్చి శాంతింపజేశాక వాళ్లిద్దరికీ గాంధర్వ వివాహం జరిగింది. పెళ్లిళ్లు కావాలని మొక్కుకునే గుడి కథ, కూతురు కోరుకున్నవాణ్ణి ఒప్పుకోని తండ్రి దగ్గర మొదలైందన్నమాట.

పురాణాన్ని పిశాచాల సినిమా పక్కన పెట్టడం అపచారమనేవాళ్లు ఉంటారు. తేడా ఉంది, కాదనం. దక్షుడు కూతుర్ని చంపలేదు, విక్టర్ చంపించాడు. కానీ విక్టర్‌కు పోలిక వెతకడానికి పురాణాల దాకా పోనక్కర్లేదు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, ఆస్పత్రి బయట, గర్భిణి అయిన భార్య పక్కనే ఒక దళిత యువకుణ్ణి నరికి చంపారు. ప్రధాన నిందితుడు ఆ అమ్మాయి తండ్రి. ఇక, కాలక్షేపం సినిమాకు ఇంత బరువెందుకన్నది రెండో అభ్యంతరం. ఆ బరువు మనం ఎత్తిందేమీ కాదు. కథకుల్లో ఒకడైన కెవిన్ గ్రెవియో నల్లజాతివాడు. జాతులు దాటిన ప్రేమల మీది నిషేధమే తనను ఈ కథ వైపు నడిపించిందని అతనే చెప్పుకున్నాడు.

సినిమా మీద మా ఫిర్యాదు వేరు. కెమెరా దొరల పక్షం. వాళ్లకు పట్టు తెరలు, పాలరాతి మేడలు. బానిసలకు సొరంగాలు, మురికినీళ్లు. సోన్యా మరణాన్ని గతంలోకి తొంగిచూసే కాసిని దృశ్యాల్లో ముగించి మళ్లీ తుపాకులందుకున్నారు. ఆ కథకు పూర్తి సినిమా దక్కడానికి 2009 దాకా ఆగాల్సివచ్చింది.

మనవాళ్లూ కొత్త భయాలకు తలుపు తీశారు. ‘జాంబీ రెడ్డి’ సీమ ఫ్యాక్షన్ మధ్యకు జాంబీలను దింపి నవ్వించింది. ‘మంగళవారం’ గోదావరి పల్లెలో గోడరాతలతో భయపెట్టింది. ఆడదాని మీద ఊరు వేసే నిందను సూటిగానే పట్టుకుంది. అయినా మన తెరపై చాలామటుకు కోరలు మొలిచేది చచ్చిన ఆడపిల్లకే. ఆమెను చంపిన పెద్దమనిషి చివరిదాకా ఉత్తరీయం మడత నలగకుండా మనిషిగానే తిరుగుతాడు. విక్టర్ తలను సెలీన్, అంటే బెకిన్‌సేల్ పాత్ర, ఒక్క కత్తివేటుతో కోసేసింది. దక్షుడి శిక్ష అంత తేలిగ్గా పోలేదు: మేకతల అతికించి మరీ బతికించారు.